ఆహ్వానపత్రంలో రెండో పేరు

“మీ ఆయనకి చెప్పమ్మా. ఆయన పేరు తీసేస్తే నేను స్టేజీ ఎక్కను.”

“నీ కూతురికి చెప్పు. ఆ పేరు తీయించకపోతే నేను ఆ హాలు గుమ్మం తొక్కను.”

తండ్రికీ కూతురికీ మధ్య ఉన్నది మూడడుగుల బల్ల. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతూనే ఉంది. అయినా మూడు రోజులుగా ఆ ఇంట్లో ప్రతి మాటా తల్లి మీదుగానే వెళుతోంది, ఆమె ఏదో పోస్టాఫీసు అయినట్టు.

“నేనెవరికీ ఏమీ చెప్పను,” అంది ఆమె, మిషను సూదిలోకి దారం ఎక్కిస్తూ. “ఇద్దరికీ నోళ్లున్నాయి. నాకు సాయంత్రంలోగా పన్నెండు గౌన్లకి అంచులు కుట్టాలి.”

ఆ గౌన్లు యూనివర్సిటీవే. ఏటా సాధకుల సన్మాన దినానికి స్టేజీ ఎక్కే విద్యార్థులకూ అధ్యాపకులకూ పొడవులు సరిచేసి అంచులు కుట్టేది ఆమే. ఈసారి ఆ పన్నెండింటిలో ఒకటి సొంత కూతురిది. దాన్ని మాత్రం అడుగున పెట్టి, పైకి తియ్యడానికే మనసు రాక, మిగతావన్నీ ముందు కుడుతోంది.

కిటికీ దగ్గర కూర్చున్న ఆడపడుచు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆవిడకు వినికిడి తక్కువ, కుతూహలం ఎక్కువ.

“ఏంటే, ఏమంటున్నాడు తమ్ముడు?”

“తన పేరు వద్దంటున్నారు వదినా.”

“పేరు మార్చుకుంటాడా? ఈ వయసులోనా? ఏం పెట్టుకుంటాడట?”

ఇంకో రోజైతే కూతురు చిట్టి పడీ పడీ నవ్వేది. ఇవాళ కంచం తీసి తొట్టిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆయన కూడా లేచాడు. ఇద్దరూ వెళ్లేది ఒకే యూనివర్సిటీకి, ఒకే డిపార్టుమెంటుకి. కూతురు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు బయల్దేరాడు.

తగువంతా ఒక్క వాక్యం గురించి. సోమవారం ఇంటికొచ్చిన ఆహ్వానపత్రంలో, ‘ఈ ఏటి ఉత్తమ పరిశోధన’ అన్న శీర్షిక కింద చిట్టి పేరుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘గాజు పాత్ర నిర్మాణం’ అని వేసి తండ్రి పేరుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఆ డిపార్టుమెంటులో గాజు మేస్త్రి. ప్రయోగాలకు కావలసిన గాజు సామానంతా మంట ముందు కూర్చుని ఊది తయారుచేసే మనిషి. ఆయన పేరు అచ్చులో పడటం అదే మొదలు. చూసి సంతోషిస్తాడనుకుంది ఆమె. ఆయన నిలబడే చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఈ రెండో పేరు ఎవరు వేయించారు?”

“నేనే నాన్నా,” అంది చిట్టి, మొహమంతా వెలిగిపోతూ.

“తీయించెయ్.”

అంతే. కారణం చెప్పలేదు. చిట్టి అడిగింది, అరిచింది, ఏడ్చింది. గోడకు చెప్పినట్టే అయింది. ఆ తర్వాత మొదలైంది ఈ పోస్టాఫీసు వ్యవహారం.

మిషను ముందు కూర్చుని ఏడో గౌను ముగిస్తుండగా చూసింది. ఆయన టిఫిను క్యారేజీ బల్ల మీదే ఉంది.

“ఎన్నడూ మర్చిపోని మనిషి!” అనుకుని, దారం కొరికేసి లేచింది.

వర్క్‌షాపు కెమిస్ట్రీ భవనం వెనక, మెట్లు దిగి వెళ్లే కింది గదిలో ఉంది. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి రావడం ఇదే మొదటిసారి. రావలసిన పని పడలేదు. వస్తావా అని ఆయనా అనలేదు. ‘ఏవో గాజుసామాన్లు బాగుచేస్తారు’ అని ఎవరడిగినా చెప్పేది. ఆమెకు తెలిసిందీ అంతే.

తలుపు తీసే ఉంది. లోపల బర్నరు బుసబుసమంటోంది. ఆయన ఊదారంగు అద్దాలు పెట్టుకుని, రెండు చేతుల్తో ఒక పొడవాటి గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతున్నాడు. పళ్ల మధ్య సన్నటి రబ్బరు గొట్టం. దాని రెండో కొస గాజు లోపలికి వెళ్లింది. పక్కన ఒక పరిశోధక విద్యార్థిని విరిగిన సామానేదో చేత్తో పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తోంది.

గాజు ఎర్రబడింది. మెత్తబడింది. ఇంకో క్షణం ఆగితే జారి కింద పడేలా ఉంది. ఆయన వేళ్లు మాత్రం ఆగలేదు, తొందరపడలేదు. బుగ్గలు కొంచెం, ఇంతంటే ఇంతే, ఉబ్బాయి. గొట్టం మధ్యలో గుండ్రటి బుడగ ఒకటి పుట్టి, ఆయన అనుకున్న చోట ఆగిపోయింది.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ముప్పై ఏళ్లు బట్ట కుట్టిన చేతులు ఆమెవి. చేయి తిరిగిన పనివాడెవరో, పని నటించేవాడెవరో చిటికెలో పోల్చగలదు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. ఈయన పనిలో విప్పడం లేదు.

“రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలమ్మా,” అంటున్నాడు ఆ పిల్లతో, రబ్బరు గొట్టం నోట్లోంచి తీసి. “ఎడమచెయ్యి తొందరపడిందా, మెలిక పడిపోతుంది. ఇంకోటి. కాలే గాజూ చల్లారిన గాజూ కంటికి ఒకేలా ఉంటాయి. ముట్టుకునే ముందు వేలి వెనకవైపు దగ్గరగా పెట్టి చూసుకో. చూసుకోకుండా నేను కాల్చుకున్నన్నిసార్లు నువ్వు కాల్చుకోనక్కర్లేదు.”

ఎంత మెత్తగా చెబుతున్నాడు! ఇంట్లో రెండు మాటలకు మూడో మాట ఖర్చుపెట్టని మనిషి.

విద్యార్థిని వెళ్లాక ఆయన ఆమెను చూశాడు. బర్నరు తగ్గించాడు.

“నువ్వెందుకొచ్చావు?”

“ఇది మర్చిపోయారు.” క్యారేజీ బల్ల మీద పెట్టింది. ఎదురుగా గోడకు ఒక చెక్క అర. దాని మీద వరసగా పగిలిన గాజు పాత్రలు. ఒక్కోదానికి చీటీ కట్టి ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడుతుంది ఆమె. చిట్టివి.

“ఎన్ని ఇవి?”

“పద్దెనిమిది.”

“పగిలినవాటిని దాచుకోవడమేంటండీ?”

ఆయన స్టూలు మీద గుడ్డ పరిచి, ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది.

“నాకైనా చెప్పండి,” అంది చివరికి. “దానికి చెప్పకపోతే మానె. మీ పేరంటే మీకెందుకంత కోపం?”

“కోపం పేరు మీద కాదు.” అద్దాలు తీసి తుడిచాడు. “పోయిన వారం క్యాంటీన్లో టీ తాగుతున్నాను. వెనకబల్ల దగ్గర ఇద్దరు ఆఫీసువాళ్లు. నేనున్నట్టు చూడలేదు. ‘తండ్రి గాజు కరిగించాడు, కూతురు డాక్టరేటు కొట్టేసింది. ఇంట్లోనే కార్ఖానా ఉంటే మన పిల్లలూ కొట్టేద్దురు’ అన్నాడొకడు. రెండోవాడు నవ్వాడు.”

“ఎవరో ఏదో అంటే...”

“ఎవరో కాదు. నా పేరు దాని పేరు కింద చూసిన ప్రతివాడూ అంటాడు. అయిదేళ్లు ల్యాబులో గడిపింది ఆ పిల్ల. ఆ అయిదేళ్లు నా పేరు తినేస్తుంది. అందుకే వద్దన్నాను.”

“మరి ఆ మాట దానికి చెప్పొచ్చు కదా?”

“చెప్తే వెళ్లి వాళ్లతో దెబ్బలాడుతుంది. నీ పోలిక.”

ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండింటినీ లోపలే తొక్కిపెట్టింది.

“చిట్టి ప్రొఫెసరమ్మని అడిగారా తీయించమని?”

“అడిగాను. ‘మీ పేరు తీస్తే గైడుగా నా పేరూ తీసెయ్యాలి మేస్త్రిగారూ, నేను చేసింది మీరు చేసినదానికంటే తక్కువే’ అంది. ఆవిడతో ఏం వాదిస్తాను?”

“అయితే పేరు ఉంటుంది. మీరు రాకపోయినా ఉంటుంది.” ఆమె లేచింది. “రండి. మేస్త్రిగా రావద్దు. నా పక్కన కూర్చోడానికి రండి. పెళ్లయి ఇరవై ఏడేళ్లు. మనిద్దరం పక్కపక్కన కూర్చుని చప్పట్లు కొట్టిన రోజు ఒక్కటి చెప్పండి.”

ఆయన క్యారేజీ మూత తీశాడు, మళ్లీ పెట్టాడు.

శుక్రవారం పొద్దున చిట్టి ముందే వెళ్లిపోయింది. “నాన్న రాడని తెలుసు. నువ్వైనా ముందు వరసలో కూర్చో,” అని చెప్పి మరీ వెళ్లింది.

ఆమె ముందు వరసలో కూర్చోలేదు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. పక్క కుర్చీలో, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఆయన.

హాలు నిండిపోయింది. స్టేజీ మీద తను అంచులు కుట్టిన గౌన్లు వరసగా కూర్చున్నాయి. ఏ గౌను ఎవరిదో ఇప్పుడు తెలుస్తోంది ఆమెకు. మూడంగుళాలు తగ్గించింది ఈ పొట్టి లెక్కల మాస్టారిదన్నమాట. పరీక్ష తప్పినవాళ్ల క్లాసు నాకివ్వండని అడిగి మరీ తీసుకుని, ఇరవై రెండేళ్లుగా వాళ్లకే చెబుతున్నాడట. ఆయన పేరు పిలవగానే వెనక బాల్కనీలో నలభై యాభైమంది ఒక్కసారిగా లేచారు. ఇంజనీర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, ఒక డాక్టరుంది. అంతా ఒకప్పుడు లెక్కలు తప్పినవాళ్లే. మాస్టారు మైకు ముందు నిలబడి, “కూర్చోండి, కూర్చోండి, అటెండెన్సు తర్వాత,” అన్నాడు. హాలంతా గొల్లుమంది.

తర్వాత పుట్టుకతో చూపులేని యువకుడొకడు. నూట నలభై రకాల పక్షుల్ని కూతనుబట్టి విడదీసి, ఏది ఏ గంటకు కూస్తుందో పట్టిక వేశాడు. నడిచొచ్చి, చప్పట్ల చప్పుడు వచ్చే వైపుకే సరిగ్గా తిరిగి నమస్కారం పెట్టాడు. ఆమె అరచేతులు మండేదాకా కొట్టింది. పక్కకు చూస్తే ఆయనా కొడుతున్నాడు.

ముఖ్య అతిథిగా వచ్చినావిడ పేరుమోసిన శాస్త్రవేత్త, డెబ్బై దాటిన మనిషి. ఉపన్యాసం ఇవ్వనంది. “నాకు మాట్లాడటం కంటే అడగటం ఇష్టం,” అని, ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడుగుతోంది.

చిట్టి పేరు పిలిచారు.

నీళ్లలో కలిసిన విషపు లోహం ఎంతుందో తేల్చడానికి ఇదివరకు నాలుగు రోజులు పట్టేదని, ఈ అమ్మాయి కనిపెట్టిన పద్ధతిలో రెండు గంటలు చాలునని, ఇప్పటికే మూడు ఆస్పత్రులు దాన్ని వాడుతున్నాయని ప్రొఫెసరమ్మ చదివింది. బల్ల మీద ఆ పాత్ర పెట్టారు. గాజులో గాజు, దానిలో ఇంకో గాజు, లోపల సూదిలావు గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంది.

పెద్దావిడ దాన్ని తేరిపార చూసింది. “ఇది నువ్వే చేశావా?”

“లేదండీ. మా నాన్న.”

హాల్లో చిన్న గుసగుస కదిలింది. పక్కన ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

“అయితే ఈ బహుమతి ఎవరిది?” పెద్దావిడ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది.

చిట్టి నోరు తెరిచింది.

కుర్చీ కిర్రుమంది. ఆమె చెయ్యి చాపి ఆపబోయేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

“దానిదేనండీ.”

మూడు వందల తలలు వెనక్కి తిరిగాయి. స్టేజీ మీద చిట్టి కళ్లు ఇంతయ్యాయి.

“నేను గాజు మేస్త్రినండీ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరేం గీసిస్తే అది ఊదాను. ఇలాంటిది ఎవరూ గీసివ్వలేదు. పద్దెనిమిది పగిలాయి. ప్రతి పగుల్నీ ఈ అమ్మాయి కొలిచి, ఎక్కడ, ఎందుకు అని రాసిపెట్టింది. పద్దెనిమిదోది పగిలాక నేను చేతులెత్తేశాను. ఇది గాజువల్ల కాదు, మానెయ్యమన్నాను. వారం రోజులు లెక్కలు వేసుకొచ్చి, లోపలి గోడ పల్చన చెయ్యి, చల్లార్చడం పగలంతా సాగదియ్యి అంది. పంతొమ్మిదోది నిలిచింది. ఊపిరి నాదండీ. బుర్ర దానిది.”

“మేడమ్, ఆయనకి చెప్పండి,” చిట్టి మైకు దగ్గరికి లాక్కుంది. “ఆ లోపలి చుట్ట నేను గీసినట్టు చేస్తే ఇప్పటికీ పగిలేది. మెలిక రెండుచోట్ల కాదు ఒక్కచోటే తిప్పాలన్నది ఆయన ఆలోచన. నా లెక్కల్లో అది లేదు. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయమంతా అదే.”

“అది ఆలోచన కాదండీ, చెయ్యలవాటు. ఆ అమ్మాయికి చెప్పండి.”

“చెయ్యలవాటైతే మిగతావాళ్లకెందుకు లేదో ఆయన్నే అడగండి మేడమ్!”

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. ఇంట్లో బల్ల దగ్గరి తగువు తెచ్చి ఇంతమంది మధ్యలో పెట్టారు! కానీ నవ్వులు మొదలయ్యాయి, నవ్వుల్లోంచి చప్పట్లు, చప్పట్లలోంచి మనుషులు లేవడం. లెక్కల మాస్టారు ముందుగా లేచాడు. తర్వాత ప్రొఫెసరమ్మ. ముందు వరసల్లో ఆఫీసువాళ్లు కూడా లేచారు. ఆ క్యాంటీన్ ఇద్దరూ వాళ్లలో ఎవరో ఆమెకు తెలీదు. తెలిస్తే బాగుండుననుకుంది, ఆ మొహాలు చూడటానికి.

తన మనిషి! ఈ నాలుగు ముక్కలు మాట్లాడటానికి ఎన్నేళ్లు పట్టింది!

చప్పట్లు తగ్గాక పెద్దావిడ ఇంకో ప్రశ్న అడిగింది. “మేస్త్రిగారూ, మీ పని మీ దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారు?”

ఆయన నోరు తెరిచేలోపే రిజిస్ట్రారు పెద్దావిడ వైపు వంగి, మెల్లగానే చెప్పాడు. కానీ ముందున్న మైకు పనిచేస్తూనే ఉంది.

“ఆయన రెండు నెలల్లో రిటైరవుతున్నారు మేడమ్. వర్క్‌షాపు మూసేస్తున్నాం. సామాన్లు బయట కొనుక్కోవచ్చు.”

“మూసేస్తున్నారా?” చిట్టి గొంతు సన్నగా వినిపించింది.

పెద్దావిడ వైస్ ఛాన్సలరు వైపు తిరిగింది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. “రెండేళ్లు కూర్చుని నేర్చుకునే మనిషి ఉంటే ఆలోచించేవాళ్లమే. ఎవరూ ముందుకు రాలేదు.”

“ఎవరినైనా అడిగారా?”

ఆయన రిజిస్ట్రారు వైపు చూశాడు.

అప్పుడు స్టేజీ మీద ఒక చెయ్యి లేచింది. అన్నిటికంటే చివర తను సరిచేసిన గౌను చేతిలోంచి. చిట్టిది.

“చెయ్యి దించు, చిట్టీ!”

నాలుగు రోజుల తర్వాత కూతురితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది.

“దించను నాన్నా.”

“వచ్చే నెల నువ్వు ఉద్యోగంలో చేరాలి. దేశంలోకెల్లా పెద్ద పరిశోధనా సంస్థ అది. పిచ్చా నీకు? దించు!”

“నువ్వు చెప్పనిదే నాకెలా తెలుస్తుంది, మూసేస్తున్నారని?”

ఆమె లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఇంతమందిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. అయినా భర్త వైపే తిరిగి, ఆయన ఒక్కడికే అన్నట్టు అడిగింది.

“ఏమండీ, ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?”

ఆయన తల దించుకున్నాడు.

“చెప్పండి.”

“ఆర్నెల్లయింది.”

ఆర్నెల్లు. ఆ ఉద్యోగం దరఖాస్తు కాగితం ఆయనే తెచ్చి కూతురి ముందు పెట్టింది అప్పుడే. నాకు ఇక్కడే ఉండాలని ఉంది నాన్నా అని చిట్టి బతిమాలితే, జన్మలో మొదటిసారి గొంతు పెంచి, పక్కన కూర్చుని సంతకం పెట్టించిందీ అప్పుడే. కన్నకూతుర్ని ఇంట్లోంచి పంపెయ్యడానికి ఇంత తొందరేమిటా అని ఆమె ఎన్ని రోజులు లోపల్లోపల ఆయన్ని తిట్టుకుందో!

స్టేజీ మీద చిట్టికీ అదే లెక్క తేలినట్టుంది: మూసేస్తున్నారని తెలిస్తే తను చదువంతా వదిలి ఆ మంట ముందే కూర్చుంటుందని భయపడే దూరం పంపుతున్నాడు. ఎత్తిన చెయ్యి దించకుండానే మైకు వదిలేసింది. బహుమతి పట్టుకుని నిలబడ్డ వైస్ ఛాన్సలరును దాటి, మెట్లు దిగి, కుర్చీల మధ్యనుంచి చివరి వరస వైపు నడిచి రాసాగింది.

ఆయన తలుపు వైపు చూశాడు. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.